రహస్యం దాచగలడు... జోకు దాచలేడు!

విచారణ గది. బల్లకు ఒకవైపు అమెరికా ప్రభుత్వం పట్ల విధేయతను తేల్చే బోర్డు. రెండోవైపు పేరుమోసిన భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాండన్. సభ్యుల్లో ఒకాయన ముందున్న కాగితం తీసి అభియోగం చదవడం మొదలుపెట్టాడు. ఈ పెద్దమనిషి ఒక విప్లవోద్యమంలో ముందు వరసలో నిలబడ్డాడట. ఉద్యమం పేరు దగ్గరికొచ్చేసరికి ఆయన వేగం తగ్గింది. కూడబలుక్కుని చదివాడు: క్వాం...టమ్ మెకా...నిక్స్. ఒక విప్లవంలో ముందున్నవాడు రేపు ఇంకో విప్లవంలోనూ ముందుండడని నమ్మకమేమిటి? ఇదీ బోర్డు వారి సందేహం.

కాండన్ ప్రమాణం చేస్తున్నట్టు కుడిచెయ్యి పైకెత్తారు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నాటి ఆర్కిమెడిస్ సూత్రాన్ని నమ్ముతానన్నారు. పదిహేడో శతాబ్దపు కెప్లర్ నియమాలను నమ్ముతానన్నారు. న్యూటన్‌నూ నమ్ముతానన్నారు. అక్కడితో ఆగలేదు. బెర్నూలీ, ఫోరియర్, ఆంపియర్, బోల్ట్‌జ్‌మన్, మాక్స్‌వెల్ అంటూ పాత తరం పెద్దలందరికీ పేరుపేరునా విధేయత ప్రకటించుకున్నారు. బోర్డులో ఎవరూ నవ్వలేదు.

ఈ కథను లోకానికి చెప్పింది ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్. సాగన్‌కు చెప్పింది సాక్షాత్తూ కాండనే. ఆ విచారణలో ఆయన మీద తేలిన మహానేరం ఏమిటంటే, బడిలో చదివే రోజుల్లో సైకిలు మీద ఇంటింటికీ ఒక సోషలిస్టు పత్రిక వేయడమేనట! కాండన్ భౌతిక శాస్త్రంలోకి రాకముందు పత్రికా విలేకరిగా పనిచేశారు. విలేకరి చేతిలో పడ్డ వాస్తవానికి కాస్త ఇస్త్రీ పడుతుందని మా వృత్తిలో అందరికీ తెలుసు. కాబట్టి పై సంభాషణ అక్షరం పొల్లు పోకుండా జరిగిందని పట్టుబట్టనక్కర్లేదు. ఆయన జీవితంలో కాగితం మీద నమోదైన సంగతులు చూస్తే మాత్రం ఈ కథే తక్కువ వింతగా కనిపిస్తుంది.

పోస్టులో పెట్టి పీకేశారు

‘సెక్యూరిటీ క్లియరెన్స్’ అనే మాట ఈమధ్య తరచూ వార్తల్లోకి వస్తోంది. ప్రభుత్వ రహస్యాలు చూడటానికి ఫలానా మనిషి తగినవాడని ఇచ్చే అనుమతి అది. 2023లో వచ్చిన ‘ఓపెన్‌హైమర్’ సినిమా దాన్ని మన ఇళ్లలోకీ తెచ్చింది. అణుబాంబు తయారుచేసిన మనిషికి అణు రహస్యాలు చూసే అర్హత లేదని తేల్చిన ఆ విచారణను మల్టీప్లెక్సుల్లో పాప్‌కార్న్ తింటూ చూశాం. 2018 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్, సీఐఏ మాజీ అధిపతి జాన్ బ్రెన్నన్ క్లియరెన్స్ రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. బిన్ లాడెన్ మీద దాడిని నడిపించిన మాజీ అడ్మిరల్ విలియం మెక్‌రేవన్ వెంటనే పత్రికలో బహిరంగ లేఖ రాశారు. నాది కూడా రద్దు చేయండి, అది నాకు గౌరవం అని. 2021లో అధ్యక్షుడిగా వచ్చిన బైడెన్, ట్రంప్‌కు రహస్య సమాచారం అందించాల్సిన పనిలేదన్నారు. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ఆ బాకీ తీర్చుకున్నారు. ‘జో, నిన్ను పీకేశాం’ అంటూ తన టీవీ షో నాటి ఊతపదాన్నే పోస్టులో పెట్టి మరీ బైడెన్‌కు సమాచారం ఆపేశారు.

పెద్దవాళ్ల మధ్య ఇదొక ఆట. పోయినా వాళ్లకు పోయేదేమీ లేదు. మామూలు ఉద్యోగికి అలా కాదు. అమెరికాలో ఈ అనుమతి ఉన్నవాళ్లు దాదాపు 40 లక్షల మంది. అది పోతే చాలామందికి ఉద్యోగమే పోతుంది. పైకోర్టుకు వెళ్దామంటే, క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని, ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టమని అక్కడి సుప్రీంకోర్టు 1988లోనే తేల్చేసింది. ఫైలులో ఏం రాశారో పూర్తిగా చూపించరు, ఎవరు చెప్పారో చెప్పరు. ఎందుకు చూపించరంటే... అది రహస్యం! ఇలాంటి గోడ ముందు నిలబడ్డ మనిషి వాదించలేడు, అరవలేడు. అతని చేతిలో మిగిలేది ఒక్క జోకు. క్లియరెన్స్ పోయినవాళ్లలో ఇంతమంది హాస్యగాళ్లు ఎందుకు తేలారో నాకు ఇందులోనే సమాధానం కనిపిస్తుంది.

> మండే అక్షరాలు, మాసిపోని సిరా
>
> 1950లో ‘సైంటిఫిక్ అమెరికన్’ ఏప్రిల్ సంచికలో హైడ్రోజన్ బాంబు మీద భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బెథే వ్యాసం అచ్చయింది. అందులో కొన్ని వాక్యాలు కుదరవని అమెరికా అణుశక్తి సంఘం అభ్యంతరం చెప్పింది. అప్పటికే అచ్చయిన 3,000 కాపీలను దగ్గరుండి కాల్పించింది.
>
> మొదటి ప్రపంచయుద్ధం నాటి కనిపించని సిరా తయారీ పద్ధతులను అమెరికా 2011 దాకా రహస్యంగానే ఉంచింది. 1917–18 నాటి ఆ కాగితాలు బయటికొచ్చేసరికి వాటిని రాసినవాళ్లు ఎప్పుడో కాలం చేశారు.

ఆరు వారాల కొలువు

కాండన్ 1902లో పుట్టిన ఊరు న్యూమెక్సికోలోని అలమొగోర్డో. 1945 జూలై 16న తొలి అణుబాంబు పరీక్షతో ఆ ఊరి పేరే చరిత్రకెక్కింది. అణు భౌతికశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ ఆల్ఫా క్షయం పాఠంలో ఆయన పేరు తగులుతుంది. రసాయనశాస్త్రం వాళ్లకైతే ఫ్రాంక్–కాండన్ సూత్రం ఉండనే ఉంది.

1943 ఏప్రిల్‌లో ఓపెన్‌హైమర్ ఆయన్ను లాస్ అలమోస్‌లోని బాంబు ప్రయోగశాలకు తన కింద రెండో మనిషిగా తెచ్చుకున్నారు. కొత్తగా వచ్చిన శాస్త్రవేత్తలకు బాంబు సంగతి బోధించడానికి రాబర్ట్ సెర్బర్ ఉపన్యాసాలు ఇస్తుంటే, వాటిని నోట్సుగా రాసిపెట్టింది కాండనే. ఆ ప్రయోగశాల రహస్యపత్రాల్లో మొట్టమొదటిది, ఎల్ఏ–1, ఆ నోట్సే. 1965 దాకా దాన్ని బయటపెట్టలేదు. అంటే బాంబు గురించిన తొలి వాచకం రాసిన చెయ్యి ఈయనదన్నమాట.

కానీ ఆయన అక్కడున్నది ఆరు వారాలే. బాంబు ప్రాజెక్టును నడిపే సైనికాధికారి జనరల్ గ్రోవ్స్ నియమం ప్రకారం ఎవరి గదిలో పని వాళ్లకే తెలియాలి, పక్కగదిలో ఏం జరుగుతోందో అడగకూడదు. ఉత్తరాలు విప్పి చదువుతామనీ, ఫోన్లు వింటామనీ మాటలు వినపడ్డాయి. షికాగోలో ఉన్న సాటి శాస్త్రవేత్తతో ఓపెన్‌హైమర్ పని గురించి మాట్లాడినందుకు గ్రోవ్స్ మండిపడ్డారు. కాండన్ రాజీనామా ఇచ్చేశారు. అసలే కష్టమైన పని, దాన్ని మూడు చేతులూ వెనక్కి కట్టేసి చేయమంటున్నారు అన్నది ఆ లేఖ సారాంశం. మనిషికి మూడో చెయ్యి ఎక్కడిదని గ్రోవ్స్ అడిగినట్టు ఎక్కడా లేదు. సైన్యం మాత్రం ఆ మనిషిని గుర్తుపెట్టుకుంది. 1945లో మాస్కో సైన్స్ అకాడమీ ఉత్సవాలకు బయల్దేరబోతుంటే ఆయన పాస్‌పోర్టు వెనక్కి తీసుకున్నారు.

బలహీనమైన లంకె

యుద్ధం ముగిశాక కాండన్ జాతీయ ప్రమాణాల సంస్థకు డైరెక్టరయ్యారు. 1948 మార్చి 1న అమెరికా వ్యతిరేక కార్యకలాపాల మీద వేసిన కాంగ్రెస్ కమిటీ ఒక ప్రకటన విడుదల చేసింది. దేశ అణు భద్రతలో అత్యంత బలహీనమైన లంకెల్లో కాండన్ ఒకరని. ఆధారం? రష్యా వైపు వాళ్లతో పరిచయాలు ఉన్నాయి. సోవియట్ శాస్త్రవేత్తలతో స్నేహం కోరే సంఘంలో పేరుంది. ఆయన భార్య ఎమిలీ చెక్ మూలాలున్న కుటుంబంలోంచి వచ్చింది. ఆవిడ పుట్టింది అమెరికాలోనే అయినా సరే!

సంజాయిషీ చెప్పుకోవడం అప్పటి ఆనవాయితీ. కాండన్ అలా చేయలేదు. అత్యంత బలహీనమైన లంకె నేనే అయితే అంతకన్నా సంతోషం లేదు, నాలాంటి నమ్మదగిన మనిషే బలహీనుడైతే మిగతా వాళ్లంతా ఎంత గట్టివాళ్లో కదా, దేశం హాయిగా నిద్రపోవచ్చు అన్న ధోరణిలో పత్రికలకు జవాబిచ్చారు. ఈ జోకులోని పదును గమనించండి. ఆరోపణను ఖండించలేదు. ఒప్పేసుకున్నారు. ఒప్పుకోగానే అది ఆరోపణగా నిలబడకుండా పోయింది.

కమిటీ ఆయన విధేయత ఫైలు పంపమంది. కుదరదన్నారు అధ్యక్షుడు ట్రూమన్. సెప్టెంబరులో వాషింగ్టన్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో ఆయన కాండన్‌తో కలిసి వేదిక మీద కూర్చుని ఈ తరహా వేటను దుయ్యబట్టారు. అణుశక్తి సంఘమూ విచారించి ఈయన మంచివాడేనంది. ఆ ముద్ర మాత్రం చెరగలేదు. 1951లో ప్రభుత్వ ఉద్యోగం వదిలి కార్నింగ్ గాజు కంపెనీలో పరిశోధన విభాగానికి అధిపతిగా వెళ్లారు. అక్కడా నౌకాదళం పనులకు క్లియరెన్స్ కావాలి. 1954 జూలైలో బోర్డు పాస్ చేసింది. అక్టోబరులో నౌకాదళ మంత్రి ఆపేశారు. ఒకే మనిషి, ఒకే ఫైలు, మూడు నెలల్లో రెండు తీర్పులు! ఇక ఈ పరీక్షలు రాసే ఓపిక నాకు లేదని కాండన్ కంపెనీ ఉద్యోగం వదిలేశారు.

జోకులు చెప్పుకుని నవ్వుకునేటప్పుడు ఎమిలీ సంగతి మనకు గుర్తుండదు. తన పుట్టింటి మూలాలు భర్త ఫైలులో నేరంగా నమోదైన ఆడమనిషికి ఆ ఏళ్లు ఎలా గడిచి ఉంటాయి?

> కొడవలి సరే, సుత్తి ఏదీ?
>
> కాండన్ మీద ప్రకటన చేసిన కమిటీ ఛైర్మన్ పార్నెల్ థామస్, లేని ఉద్యోగుల పేరిట జీతాలు కాజేసిన కేసులో జైలుకెళ్లారు. డాన్‌బరీ జైల్లో ఆయన పని కోళ్ల దొడ్డి చూసుకోవడం. ఆ కమిటీకి జవాబు చెప్పనందుకు శిక్షపడ్డ హాలీవుడ్ రచయిత లెస్టర్ కోల్‌దీ అదే జైలు. కోల్ చెప్పుకున్న ప్రకారం, చేతిలో కొడవలితో పనిచేస్తున్న తనను చూసి థామస్ ‘సుత్తి ఏదీ?’ అని వెటకారం చేశారట. మీరూ పాత పనే చేస్తున్నారుగా, పెంట ఎత్తడం, అని ఈయన బదులిచ్చారట.

పారేసుకున్నవాడు పాస్, పట్టుకున్నవాడు ఫెయిల్

1953 జనవరి. ప్రిన్స్‌టన్ భౌతిక శాస్త్రవేత్త జాన్ వీలర్ రాత్రి రైల్లో వాషింగ్టన్ బయల్దేరారు. వెంట హైడ్రోజన్ బాంబుకు సంబంధించిన రహస్యపత్రం. తెల్లారి చూసుకుంటే లేదు. బెర్తు వెతికారు, మరుగుదొడ్డి వెతికారు. ఎఫ్‌బీఐ వాళ్లు పట్టాల వెంబడి గాలించారు. ఆ నెలలోనే గద్దెనెక్కిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అణుశక్తి సంఘం సభ్యులను పిలిపించి గట్టిగా కేకలేశారు. కాగితం మాత్రం ఈనాటికీ దొరకలేదు.

వీలర్‌కు పడిన శిక్ష ఒక మందలింపు. క్లియరెన్స్ భద్రంగానే ఉంది. ఆయన బాంబుకు కావలసిన మనిషి, పైగా రాజకీయంగా సరైన వైపు నిలబడ్డ మనిషి. ఏ కాగితమూ పారేసుకోని కాండన్‌కూ ఓపెన్‌హైమర్‌కూ మరుసటి ఏడాదే ఆ అనుమతి పోయింది.

వీలర్ శిష్యుడే రిచర్డ్ ఫైన్‌మన్. లాస్ అలమోస్‌లో పాతికేళ్ల కుర్రాడు. పనివాళ్లు దారి దగ్గరవుతుందని కంచెకు చేసుకున్న కంత ఒకటి అతని కంటపడింది. గేటులోంచి బయటికెళ్లడం, కంతలోంచి లోపలికి రావడం, మళ్లీ గేటులోంచి బయటికెళ్లడం. లోపలికి రాకుండానే ఇన్నిసార్లు బయటికెలా వెళ్తున్నాడా అని కాపలావాడికి అనుమానం వచ్చేదాకా తిరిగాడు. తర్వాత బీరువా తాళాల మీద పడ్డాడు. ఒక సహోద్యోగి రహస్యపత్రాల బీరువాలన్నిటికీ 27–18–28 అనే అంకెలు పెట్టుకున్నాడు. గణితంలో ‘ఇ’ విలువ 2.71828 అని తెలిసినవాడికి అది తాళమే కాదు. ఫైన్‌మన్ వాటిని తెరిచి, లోపల చీటీలు పెట్టి వచ్చాడు. చూసుకున్న ఆ పెద్దమనిషి మొహం పాలిపోయింది.

ఇంకో చోట ఒక కల్నల్ గారికి, బీరువా తలుపు తెరిచి ఉంచితే నంబరు ఎలా పట్టేయవచ్చో చేసి చూపించాడు. ఆ తర్వాత అధికారులు జారీచేసిన ఆదేశం చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. తలుపులు మూసి ఉంచండి అని కాదు. ఫైన్‌మన్ మీ గదికి వచ్చాడా, అయితే నంబరు మార్చండి అని! లోపం చూపించినవాడే లోపమైపోయాడు. ఏ కార్యాలయంలోనైనా ఈ తమాషా చూడొచ్చు.

ఫైన్‌మన్ భార్య ఆర్లీన్ అప్పుడు క్షయతో ఆల్బకర్కీ ఆసుపత్రిలో ఉంది. ఆమెను చూడటానికి వెళ్లాలంటే ఒక స్నేహితుడి కారు అరువు తీసుకునేవాడు. 1945 జూన్‌లో ఆమె ఆఖరి రోజున వెళ్లిందీ ఆ కారులోనే. ఒకసారి స్నేహితులిద్దరూ సరదాగా మాట్లాడుకున్నారు, మనలో గూఢచారి ఎవరయ్యే అవకాశం ఎక్కువని. తాళాలు తెరిచేవాడు, మాటిమాటికీ ఊరు దాటేవాడు ఫైన్‌మనే కదా అని తేల్చుకున్నారు. ఆ కారు గల స్నేహితుడి పేరు క్లాస్ ఫుక్స్. నెమ్మదస్తుడు, మితభాషి, దంపతులు బయటికెళ్తే పిల్లల్ని చూసుకునే బుద్ధిమంతుడు. బాంబు రహస్యాలు సోవియట్లకు చేరవేసింది అతనే. 1950లో ఒప్పుకున్నాడు, 14 ఏళ్ల శిక్ష పడింది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఫుక్స్ పట్టుబడ్డాకే కాండన్‌లాంటి వాళ్ల మీద అనుమానం రెట్టింపైంది.

ఓపెన్‌హైమర్ విచారణలోనూ హాస్యానికి లోటు లేదు, నవ్వే స్థితిలో ఎవరూ లేరంతే. ఆయన లాయరు లాయిడ్ గారిసన్‌కు క్లియరెన్స్ లేదు. రహస్య విషయం వచ్చినప్పుడల్లా క్లయింటును వదిలి గదిలోంచి బయటికి నడవాల్సి వచ్చింది. సాక్షులకు గోప్యత హామీ ఇచ్చి, చివరకు 992 పేజీల వాంగ్మూలాన్ని సంఘమే అచ్చేసింది. 1954 జూన్ 29న క్లియరెన్స్ రద్దు చేశారు. మర్నాటితో అది ఎలాగూ గడువు తీరిపోయేది! ఆయన సమస్యల్లా తనను ప్రేమించని పిల్లను, అంటే ప్రభుత్వాన్ని, ప్రేమించడమేనని ఐన్‌స్టీన్ అన్నారు. వాషింగ్టన్ వెళ్లి మీరంతా మూర్ఖులని చెప్పి ఇంటికొస్తే సరిపోయేదట. ఓపెన్‌హైమర్‌కు ఆ నవ్వు చేతకాలేదు. రద్దు తప్పని అమెరికా ప్రభుత్వం ఒప్పుకున్నది 2022 డిసెంబరులో. ఆయన పోయి అప్పటికి 55 ఏళ్లు.

పెద్దమ్మ వాట్సాప్ గ్రూపు ‘విదేశీ సంబంధమా?’

వర్జీనియా, మేరీలాండ్ రాష్ట్రాల్లో రక్షణ శాఖ కాంట్రాక్టు కంపెనీలు ఎక్కువ. అక్కడి మన ఐటీ వాళ్లకు ‘క్లియరెన్స్ తప్పనిసరి’ అన్న ఉద్యోగ ప్రకటనలు కొత్త కాదు. హెచ్1బీ మీద ఉన్నన్నాళ్లూ ఆ గుమ్మం దిక్కే చూడక్కర్లేదు, పౌరసత్వం ఉండాలి. అదొచ్చాక అసలు కథ మొదలు. నింపాల్సిన ఫారం పేరు ఎస్ఎఫ్–86. వందకు పైగా పేజీలు. పదేళ్లుగా ఎక్కడెక్కడ కాపురమున్నారు, ఎక్కడ పనిచేశారు, ఎవరెరుగుదురు, అప్పులున్నాయా, మత్తుపదార్థాలు ముట్టారా అని అడుగుతుంది.

మనవాళ్లు చిక్కుకునేది బంధువుల దగ్గర. తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు ఏ దేశ పౌరులో రాయాలి. అది కాక, గత ఏడేళ్లలో ఆప్యాయతతోనో, మొహమాటంతోనో, పనిబడో దగ్గరగా మెలిగిన విదేశీయులందరి పేర్లూ రాయాలి. విదేశీయులంటే ఇక్కడ మేనత్త, బాబాయి, తోడల్లుడు, ఇంటర్‌లో బెంచిమేటు! గుంటూరులోనో వరంగల్‌లోనో పెళ్లికి వెళ్లొచ్చినవాడు నిజాయతీగా రాయాలంటే శుభలేఖల జాబితా జతచేయాలి. నాన్నగారు రాసిచ్చిన రెండెకరాల పొలం ‘విదేశీ ఆస్తి’ గడిలోకి వెళ్తుంది. ‘మా పెద్దమ్మ వాట్సాప్ గ్రూపు విదేశీ సంస్థ కిందికి వస్తుందా?’ లాంటి ఛలోక్తులు అక్కడి పార్టీల్లో పుట్టడంలో వింతేమీ లేదు.

ఆ నవ్వులో కొంత నిజం ఉంది. అర్హత తేల్చడానికి 13 మార్గదర్శకాలున్నాయి. వాటిలో ఒకటి విదేశీ ప్రభావం. నోట్లో నువ్వుగింజ నానని కుటుంబాల్లోంచి వచ్చి రహస్యం కాపాడతామని సంతకం పెట్టే మన పిల్లలకు, దాచడం కన్నా చెప్పడమే కష్టం. దాచారని తేలితే కొంప మునుగుతుంది. రాయడం మరిచిన ఒక్క బంధువు, రాసిన వందమంది కన్నా ప్రమాదం.

దేవతలకేనా ఉద్యోగం?

మనదేశంలోనూ ప్రభుత్వోద్యోగం వచ్చినవాళ్ల ఇంటికి పోలీసు వెరిఫికేషన్ వస్తుంది. కానిస్టేబులు పక్కింటివాళ్లను అడిగి వెళ్తాడు. సంఘాల్లో తిరిగాడా, ఊరేగింపుల్లో కనిపించాడా అన్న ప్రశ్నలు ఒక తరం విద్యార్థులకు బాగా తెలుసు. మధ్యప్రదేశ్‌లో ఒక బడిపంతులును, ఆరెస్సెస్, జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నాడన్న పోలీసు నివేదిక మీద కొలువులోంచి తీసేశారు. కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. 1983లో తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. అభిప్రాయాల్లో ఆయన వామపక్షం వైపు మొగ్గేవారు. అయినా ఆ పంతులు పక్షాన నిలబడ్డారు. దేవతలు తప్ప ఇంకెవరూ అడుగుపెట్టకూడని స్వర్గమా ఈ ప్రభుత్వోద్యోగం అని తీర్పులోనే చురక వేశారు. విచారణ బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లకూ అప్పుడప్పుడూ హాస్యం ఉంటుందనడానికి నాకు తెలిసిన సాక్ష్యాల్లో ఇదొకటి.

ఎగిరే పళ్లేల ఫైలు

1966లో అమెరికా వాయుసేనకు ఒక తలనొప్పి వచ్చింది. ఆకాశంలో ఎగిరే పళ్లేలు కనిపిస్తున్నాయని జనం గోల. ప్రభుత్వం ఏం చెప్పినా నమ్మడం లేదు. ఎవరి మాటకూ తలవంచని శాస్త్రవేత్తతో విచారణ జరిపిస్తే తప్ప నోళ్లు మూతపడవు. వెతికి వెతికి కొలరాడో విశ్వవిద్యాలయంలో ఉన్న కాండన్‌ను పట్టుకున్నారు. పన్నెండేళ్ల కిందట నౌకాదళానికి పనికిరాని మనిషి ఇప్పుడు వాయుసేనకు కావలసి వచ్చారు.

వయసు మీదపడినా నోరు మారలేదు. 1967 జనవరిలో తన పాత ఊరు కార్నింగ్‌లో మాట్లాడుతూ, ఇందులో సరుకేమీ లేదనే అనిపిస్తోంది, కాకపోతే ఇంకో ఏడాది దాకా నేను ఆ నిర్ణయానికి రాకూడదట అన్నారు. పత్రికల్లో అచ్చయింది, గొడవైంది. నిష్పక్షపాతంగా ఉండాల్సిన విచారణాధికారి ఇలా మాట్లాడటం తప్పేనని నేనూ అంటాను. 1969లో నివేదిక వచ్చింది. ఈ పళ్లేల వెంట పడితే శాస్త్రానికి ఒరిగేదేమీ ఉండకపోవచ్చని తేల్చింది. ఆ ఏడాది డిసెంబరులో వాయుసేన తన పరిశీలన విభాగాన్నే మూసేసింది.

పళ్లేలను నమ్మేవాళ్లు ఊరుకోలేదు. సర్కారు దగ్గర గ్రహాంతరవాసుల గురించి మహారహస్యం ఉందని, దాన్ని కప్పెట్టడానికే కాండన్‌ను నియమించారని అన్నారు. రహస్యాలు అప్పగించడానికి లాయకీ కాదని ఒకప్పుడు దేశమంతా చాటింపు వేయించుకున్న మనిషి మీద ఆఖర్న వచ్చిన ఆరోపణ, రహస్యాన్ని మరీ గట్టిగా దాచేశాడని.